చూసినవారి పేరు

నెలకోసారి ఆదివారం పొద్దున నేను జుట్టుకు రంగు వేసుకుంటాను. రెండు గొట్టాల్లోని ముద్దలు గిన్నెలో పిండి, పాత టూత్‌బ్రష్షుతో కలుపుతుంటే ముక్కును గుచ్చే వాసన ఒకటి లేస్తుంది. అమ్మోనియా లేని రంగులు బజారు నిండా ఉన్నాయి, అవి కొనుక్కోరాదా అని మావారు ప్రతిసారీ అంటారు. రసాయనశాస్త్రం చదివినదాన్ని, నాకు తెలియక కాదు. అలవాటు మార్చుకోలేదు, అంతే. ఆ వాసన తగలగానే కరుణక్క గుర్తొస్తుంది. గుర్తొచ్చిన మరుక్షణం, ఇరవయ్యేళ్ళ కిందట కడుపులో ఎక్కడ మండేదో అక్కడే మళ్ళీ మండుతుంది. నాకు పని నేర్పిన మనిషి ఆమె. గౌరవంగా తలుచుకోవాలి. తలుచుకుంటాను కూడా. కానీ ముందు ఈర్ష్య వచ్చి కూర్చుంటుంది, గౌరవం దాని వెనకాల నిలబడి తన వంతు కోసం చూస్తుంది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్త రోజులవి. నయాపూల్ దగ్గర ఒక పాత కాలేజీలో, మేడ మీది రెండు గదుల ప్రయోగశాలలో పరిశోధక విద్యార్థినిగా చేరాను. మా నాన్నది గుడివాడ వైపు. కోర్టు ఆఫీసులో ఉద్యోగం వచ్చాక అఫ్జల్‌గంజ్ వెనకాల అద్దె ఇంట్లో స్థిరపడ్డాం. ఇంటి నుంచి వంతెన దాటితే పది నిమిషాల్లో కాలేజీ. ఎమ్మెస్సీలో మొదటి ర్యాంకు నాది. ఆ సంగతి ఎవరూ అడక్కపోయినా ఏదో ఒక వంకన చెప్పేదాన్ని. మా ప్రొఫెసర్ హమీద్ సార్‌కు ఫ్యూయల్ సెల్ పొరల మీద ఒక ప్రాజెక్టు వచ్చింది. ఆ ప్రాజెక్టులో నేను ఒకదాన్ని, టెక్నీషియన్‌గా కరుణక్క. ఆమె నాకంటే ఆరేడేళ్ళు పెద్ద. ఇల్లు జహనుమాలో, భర్త రైల్వే యార్డులో ఫిట్టరు, ఒక్క కొడుకు. ఇంటర్‌తో చదువు ఆగిపోయింది. అంతకుముందు ఎనిమిదేళ్ళు ఛత్తాబజార్‌లో పెళ్ళికార్డులు అచ్చువేసే దుకాణంలో పనిచేసింది.

మా పని ఏమిటో చెప్పకపోతే నా కడుపుమంట ఏమిటో అర్థం కాదు. ఫ్యూయల్ సెల్‌లో ఒకపక్క హైడ్రోజన్, మరోపక్క గాలి. మధ్యలో పల్చని ప్లాస్టిక్ పొర. హైడ్రోజన్ నుంచి విడిపోయిన ప్రోటాన్లను మాత్రమే ఆ పొర తనలోంచి పోనివ్వాలి. ఎలక్ట్రాన్లు దారిలేక బయటి తీగ గుండా తిరిగిపోతాయి, ఆ పోవడమే కరెంటు. ఆమ్లగుణం ఉన్న పాలిమర్‌తో పొర చేస్తే ప్రోటాన్లు బాగానే నడుస్తాయి, కానీ అది నీళ్ళు తాగి ఉబ్బి చిరిగిపోతుంది. అందుకని దానిలో క్షారగుణం ఉన్న మరో పాలిమర్ కొద్దిగా కలుపుతారు. ఆమ్లం, క్షారం ఒకదాన్నొకటి పట్టుకుని పొరకు గట్టితనం ఇస్తాయి. చిక్కేమిటంటే రెండు ద్రావణాలనూ నేరుగా కలిపితే నిమ్మరసం పిండిన పాలలా గడ్డలు కట్టేస్తాయి. అందుకని ముందు ఆమ్లానికి అమ్మోనియా పట్టించి దాని దూకుడు తగ్గించాలి. అప్పుడు రెండూ కలిపి, గాజుపలక మీద పోసి, బ్లేడుతో సమంగా లాగి, ఆరబెట్టి, పొరను ఊడదీసి పల్చని ఆమ్లంలో నానబెడితే అమ్మోనియా వెళ్ళిపోతుంది. ఆమ్లం మేలుకుంటుంది, క్షారాన్ని పట్టుకుంటుంది.

ఇదంతా నేను పుస్తకాల్లో చదివి వచ్చాను. కరుణక్కకు నేను చెబితే తెలిసింది. కానీ పలక మీద బ్లేడు లాగడం దగ్గర నా ర్యాంకు ఎందుకూ కొరగాలేదు. నా పొరల్లో బుడగలు, చారలు, ఒకచోట మందం, ఒకచోట చిల్లు. ఆమె పక్కన నిలబడి రెండు రోజులు చూసింది. మూడోరోజు నా చేతిలోంచి బ్లేడు తీసుకుని ఒక్కసారి లాగింది. ఆ పొర ఆరాక కిటికీ వైపు ఎత్తి చూస్తే అవతల ఉన్న వంతెన, బస్సులు, మనుషులు ఏ వంకరా లేకుండా కనిపించారు.

"ఏంది వసుంధరా, పగవట్టినట్టు గుంజుతున్నవ్?" అంది. "ఊపిరి బిగవట్టకు. ఇడ్సుకుంట గుంజు. నడుమల ఆగితే గీత పడ్తది. కార్డుల మీద సిరా గుంజేటప్పుడు గట్లనే."

ఆమె చెప్పినట్టే చేశాను. కొంత మెరుగైంది. కానీ ఆమెది ఆమెదే. కాలేజీకి ఎవరొచ్చినా హమీద్ సార్ కరుణక్క చేసిన పొర ఒకటి తీసి వెలుతురుకు ఎత్తి పట్టి, "చూడుండ్రి సాబ్, మా కరుణ చేతి పని గిది" అనేవారు. ఆ పొర ఏ నిష్పత్తిలో కలపాలో లెక్క కట్టింది నేను. ఆ లెక్కను వెలుతురుకు ఎత్తి చూపించడం కుదరదు కదా. పక్కన నిలబడి నవ్వేదాన్ని. ఇంటికొచ్చి అమ్మ మీద విసుక్కునేదాన్ని. మధ్యాహ్నం ఒంటరిగా ఉన్నప్పుడు వట్టి నీళ్ళు పోసి పలక మీద బ్లేడు లాగి సాధన చేశానని ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

ఒకరోజు కరెంటు పోయి పని ఆగిపోతే, "దా, నేను నేర్సుకున్న జాగ చూపిస్త" అని ఛత్తాబజార్‌కు తీసుకెళ్ళింది. ఇరుకు దుకాణంలో చెక్కబల్ల మీద జాలీ చట్రం. ఒకడు రబ్బరు బద్దతో సిరా లాగుతున్నాడు, మరొకడు కార్డు ఎత్తి చూసి పక్కన ఆరబెడుతున్నాడు. గల్లాపెట్టె దగ్గరున్న పెద్దాయన కళ్ళజోడు సర్దుకుని, "ఆరె, కరుణ బేటీ ఆయీ" అని లేచి నిలబడ్డాడు. పాత పనివాళ్ళు వస్తే యజమాని లేచి నిలబడటం నేను చూడటం అదే మొదటిసారి. అక్కడ కూడా నాకు కళ్ళు కుట్టాయి.

గోడకు ఒక పొడవాటి మేకు, దానికి గుచ్చిన పాడైన కార్డులు. ఒక్కోదాని వెనక రెండేసి పేర్లు. ఇవేమిటక్కా అని అడిగాను.

"ఖరాబైన కార్డు దాచొద్దు, గీడ గుచ్చాలె. గుంజినోళ్ళ పేరొకటి, చూసినోళ్ళ పేరొకటి. ఇద్దరు రాయాలె."

"లాగినవాళ్ళ తప్పయితే చూసినవాళ్ళెందుకు రాయాలి?"

"మొదటి కార్డుకైతే చూసినోళ్ళదేం లేదు. చూసి కూడ చెప్పకుంటె ఇంకో పది కార్డులు గట్లనే పోతయి. గవి చూసినోళ్ళయే." ఆ మాట అంటూనే ఆరబెట్టిన కార్డొకటి ఎత్తి, అంచు మీద సిరా అంటిందని కుర్రాడికి చూపించింది.

హమీద్ సార్‌కు ఈ పద్ధతి చెబితే ఎంతో నచ్చింది. మర్నాడే మా గోడకూ ఒక మేకు దిగింది. పాడైన పొరతో పాటు ఒక చీటీ గుచ్చాలి. ఏం జరిగింది, చేసినది ఎవరు, చూసినది ఎవరు. మొదటి రెండు నెలలూ ఆ మేకు మీద చేసినవారి పేరు నాదే, చూసినవారి పేరు కరుణక్కది. నా చీటీలన్నిటి మీదా ఆమె ఒక్క సణుగుడు లేకుండా సంతకం పెట్టింది.

రెండో ఏడాదికి మా పొరలు నిలదొక్కుకున్నాయి. నీళ్ళలో ఉబ్బడం తగ్గింది, ప్రోటాన్ల నడక తగ్గలేదు. చెన్నైలోని ఒక పెద్ద పరీక్షా కేంద్రం వాళ్ళు వాటిని నిజమైన సెల్‌లో పెట్టి చూస్తామన్నారు. పొరలతో పాటు ఒక మనిషిని ఆరు నెలలు పంపమన్నారు. ఆ ఆరు నెలలు సరిగ్గా గడిస్తే అక్కడే ఉద్యోగం దొరుకుతుందని అందరికీ తెలుసు. నేను వెళ్ళడం ఖాయమనుకున్నాను. సూట్‌కేసు కూడా చూసి పెట్టుకున్నాను.

శనివారం మధ్యాహ్నం చాయ్ తాగుతూ హమీద్ సార్, "చెన్నైకి కరుణను పంపుదామనుకుంటున్న" అన్నారు.

కరుణక్క కప్పు కింద పెట్టేసింది. నేనే ముందు తేరుకున్నాను. "ఆమెకు డిగ్రీ లేదు కదా సార్?"

"సెల్లుల కూసునేది పొర బేటా, డిగ్రీ కాదు. నీ లెక్క నువ్వు కాగితం మీద రాసిస్తవు, కరుణ తీస్కపోతది. కరుణ చెయ్యి ఎట్ల రాసిస్తవు చెప్పు?" అన్నారు సార్. "సోమవారం వాళ్ళొస్తున్నరు. రీడింగ్ చూసినంక వాళ్ళే ఖుషీగ ఒప్పుకుంటరు."

సాయంత్రం దాకా నా చెవుల్లో ఆ మాటే. కరుణక్క మాత్రం వెళ్ళాలా వద్దా అని నన్నే సలహా అడిగింది. కొడుకును ఎవరు చూస్తారని దిగులుపడింది. "నువ్వేమంటవ్ వసుంధరా? నాతోని అయితదా?" అంది. నీ ఇష్టమక్కా అన్నాను, ముఖం చూడకుండా. అంతలో కాలేజీ ఆఫీసుకు ఫోను వచ్చింది. కొడుకుకు జ్వరం ఎక్కువైందని పక్కింటివాళ్ళు చేశారు. సోమవారం చూపించవలసిన నాలుగు పొరలనూ బీరువాలో పెట్టి, చేతిలో ఉన్న అమ్మోనియా సీసాను అదే బీరువా పై అరలో పెట్టి, బస్సు కోసం పరుగెత్తింది. తాళం వేసే పని నాకు అప్పజెప్పింది.

బీరువా తలుపు మూయబోతుంటే వాసన తగిలింది. తలెత్తి చూశాను. సీసా మూత పక్కకు ఒరిగి ఉంది. ఆ మాట ఇప్పుడు రాస్తుంటే కూడా నా కుడిచెయ్యి కదులుతోంది, ఎందుకంటే అప్పుడు కూడా కదిలింది. మూత మీద వేళ్ళు పడ్డాయి. అరచుట్టు తిప్పితే చాలు, బిగుసుకుంటుంది. కింది అరలో నాలుగు పొరలు తెల్లకాగితాల మధ్య పడుకుని ఉన్నాయి. మూసిన బీరువాలో రెండు రాత్రులు అమ్మోనియా ఆవిరి తాగితే ఆ పొరల్లో మేలుకున్న ఆమ్లం మళ్ళీ నిద్రపోతుందని, ప్రోటాన్లకు దారి ఉండదని ఆ భవనం మొత్తంలో నాకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. నా చెయ్యి వెనక్కి తీసుకున్నాను. తలుపు మూసి తాళం వేశాను. మూత వదులు చేసింది నేను కాదు కదా అని మెట్లు దిగుతూ అనుకున్నాను.

ఆదివారమంతా నా చేతిలోనే ఉంది. తాళం చెవి నా సంచిలో, కాలేజీ పది నిమిషాల దూరంలో. అమ్మతో కూర్చుని చిక్కుళ్ళు ఒలిచాను, తలంటుకున్నాను, మధ్యాహ్నం నిద్రపోయాను. నిద్ర పట్టింది కూడా. నాకు ఇప్పటికీ సిగ్గనిపించేది దానికే.

సోమవారం అందరికంటే ముందు వెళ్ళి తాళం తీశాను. సీసా మూత గట్టిగా బిగించాను. తలుపులు కాసేపు తెరిచి వాసన పోనిచ్చాను. చెన్నై నుంచి ఇద్దరు వచ్చారు. కరుణక్క ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చింది. కొడుకుకు తగ్గిందని నాకు చెవిలో చెప్పింది. పొర ముక్క కత్తిరించి రెండు ఎలక్ట్రోడ్ల మధ్య బిగించింది. ప్రోటాన్లు ఎంత బాగా నడుస్తున్నాయో చెప్పే రీడింగ్ రావలసినదాంట్లో పదోవంతు కూడా రాలేదు. రెండో పొర, మూడోది, నాలుగోది, అన్నీ అంతే. వచ్చినవాళ్ళు మర్యాదస్తులు. ఇంకాస్త పని చేయాలేమో అన్నారు. హమీద్ సార్ కళ్ళజోడు తీసి తుడుస్తూనే ఉన్నారు. కరుణక్క ముఖంలో రక్తం లేదు. అది చూసి సంతోషించానా అంటే, ఒక్క క్షణం సంతోషించాను. దాచి లాభం లేదు.

వాళ్ళు వెళ్ళాక ఆమె నేరుగా బీరువా దగ్గరకు వెళ్ళింది. ఒక పొరను ముక్కు దగ్గర పెట్టుకుంది. పై అర లోంచి సీసా తీసింది. మూత తిప్పి చూసింది.

"మూత నేను ఒదులుగ వెట్టిపోయిన. రీడింగ్ రాకపొయ్యేసరికి యాదికొచ్చింది," అంది. "ఇప్పుడు బిగువుగున్నది."

ఆమె సీసాను చూస్తూ మాట్లాడింది. నా వైపు తిరగలేదు. బీరువా తాళం చెవి నా ఒక్కదాని దగ్గరే ఉందని ఇద్దరికీ తెలుసు. ఏదైనా అంటుందని ఎదురుచూశాను. లొల్లి చేస్తే నేనూ నాలుగు మాటలు అనవచ్చు, ఎందుకొదిలావని ఎదురు అడగవచ్చు. సమాధానాలన్నీ వరుసగా సిద్ధం చేసుకున్నాను. ఆమె బల్ల దగ్గర కూర్చుని చీటీ రాసింది. అమ్మోనియా సీసా మూత పెట్టలేదు, పొరలు చెడినయి. చేసినది, కరుణ. చూసినది అని రాసి, పక్కన జాగా వదిలేసింది. పొర ముక్కతో సహా మేకుకు గుచ్చి చేతులు కడుక్కోవడానికి వెళ్ళిపోయింది.

హమీద్ సార్ సాయంత్రం ఆ చీటీ చదివారు. "చూసినోళ్ళ పేరు లేదేంది కరుణా?"

"వస్తది సార్. ఎవల్ది వాళ్ళు రాస్తరు."

నేను అవతల పలకలు కడుగుతున్నాను. నీళ్ళ చప్పుడు వల్ల వినబడనట్టు కుళాయి ఇంకాస్త తిప్పాను.

ఆ రాత్రి నాలుగు పొరలనూ ఆమె పల్చని ఆమ్లంలో నానబెట్టింది. రెండు రోజులు కడిగింది. బుధవారానికి రీడింగ్ పూర్తిగా వెనక్కి వచ్చింది. సార్ చెన్నైకి ఫోన్ చేసి బతిమాలారు. పొరలు తీసుకుంటామన్నారు, కానీ ఈసారి జరిగినదేమిటో వివరించగలిగే మనిషిని, డిగ్రీ ఉన్న మనిషిని పంపమన్నారు. సార్ నన్ను పిలిచి చెప్పారు. ఆ ఒక్క చీటీ మీద నా పేరు రాసి ఉంటే సార్ వాళ్ళకు ఫోన్‌లో మరోమాట చెప్పేవారు, కరుణక్కనే పంపేవారు. అది నాకు తెలుసు. ప్రయాణానికి ఇంకా తొమ్మిది రోజులుంది. తొమ్మిది రోజులూ ఆ మేకు ముందు నుంచే నడిచాను. పెన్ను నా కోటు జేబులోనే ఉంది.

పొరలను కట్టింది కరుణక్కే. ఛత్తాబజార్ నుంచి అట్టలు తెచ్చి, తడి కాగితాల మధ్య ఒక్కోటీ పెట్టి, దారం చుట్టింది. "ఎండనియ్యకు, పగుల్తయి. ఆడ అమ్మోనియా వాడే రూములుంటే గాడ వెట్టకు. ఫికర్ చెయ్యకు, మంచిగనే వస్తది రీడింగ్," అంది. ఆ మాటల్లో ఎత్తిపొడుపు ఉందేమోనని రైలెక్కాక కూడా వెతికాను. దొరకలేదు. దొరికి ఉంటే ఆమెను ద్వేషించడానికి నాకు కాస్త వీలుండేది.

చెన్నైలో ఆ పొరలు సెల్‌లో వారాల తరబడి పనిచేశాయి. ఒక ఇంజనీరు పొరను వెలుతురుకు ఎత్తి పట్టుకుని ఎవరు చేశారివి అని అడిగాడు. మా ల్యాబ్‌లో చేశామన్నాను. అది అబద్ధం కాదు. ఆరు నెలలు గడిచాయి, ఉద్యోగం వచ్చింది.

కాగితాల కోసం హైదరాబాద్ వచ్చినప్పుడు కాలేజీకి వెళ్ళాను. సార్ మిఠాయి తెప్పించారు. గదిలో ఎవరూ లేని సమయం చూసి మేకు దగ్గరకు వెళ్ళాను. చీటీ అలాగే ఉంది, కాగితం రంగు మారింది. చూసినది అన్నచోట వసుంధర అని రాశాను. వెనక్కి తిరిగితే గుమ్మంలో కరుణక్క. దగ్గరకొచ్చి చదివింది.

"గప్పుడు రాస్తే నీ పేరైతుండె వసుంధరా," అంది నెమ్మదిగా. "ఇప్పుడు సిరానే."

క్షమించమని అడగబోయాను. "ఉండనియ్యి. నేను కూడ మూత వెట్టలె. ఇంకోసారి చూసినప్పుడు చెప్పు, చాలు," అని బల్ల దగ్గరకు పోయి బ్లేడు అందుకుంది. పలక మీద ద్రావణం పోసి, ఊపిరి వదులుతూ లాగింది. ఆ చెయ్యి ఇసుమంతైనా వణకలేదు. అంత అన్యాయం చేసినదాన్ని పక్కనే నిలబడి ఉన్నాను, ఆ చెయ్యి వణకాలని కోరుకున్నాను.

ప్రాజెక్టు ముగిశాక ఆమె మళ్ళీ పెళ్ళికార్డుల దుకాణానికి వెళ్ళిపోయింది. కొన్నేళ్ళకు ఒకసారి వెతుక్కుంటూ వెళ్ళాను. పెద్దాయన లేరు, గల్లాపెట్టె దగ్గర ఆమే ఉంది. ఇద్దరు ఆడపిల్లలు ఆమె కళ్ళముందు సిరా లాగుతున్నారు, ప్రతి కార్డుకూ "సూడక్కా" అంటున్నారు. చాయ్ తెప్పించింది. "ఇప్పుడు రీడింగ్ ఎంత వస్తున్నది?" అని అడిగింది. చెప్పాను. మా కాలం కంటే రెండింతలు అని వినగానే ఆమె ముఖం విచ్చుకుంది. తనకు అందకుండా పోయిన పని బాగా నడుస్తోందని మనస్ఫూర్తిగా సంతోషించే మనిషిని నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు. నాకది చేతకాదు. ఆమె చేతిపనిని మించి, ఆ సంతోషం మీదే నాకు ఎక్కువ ఈర్ష్య కలిగింది.

ఇప్పుడు నాకూ ఒక ప్రయోగశాల ఉంది, విద్యార్థులున్నారు. అనూష అనే అమ్మాయి పొరలు చేస్తే, నా ఇన్నేళ్ళ అనుభవం పక్కకు జరిగి దారివ్వవలసిందే. వచ్చినవాళ్ళు ఆ అమ్మాయినే మెచ్చుకుంటారు. పోయిన నెల నా గదిలో కూర్చుని అద్దాల తలుపులోంచి చూస్తున్నాను. తను పలకను ఓవెన్‌లో పెట్టి, ఎనభై దగ్గర తిప్పవలసిన మీటను నూట ఎనభై దగ్గర తిప్పి, ఫోన్ మాట్లాడుతూ బయటికి నడిచింది. మర్నాడు ఆ పొరను ఢిల్లీకి పంపాలి. నేను వెళ్ళి మీట సరిచేశాను. తను తిరిగొచ్చాక చెప్పాను. "అమ్మో, మీరు చూశారు కాబట్టి సరిపోయింది మేడమ్, లేకపోతే మొత్తం పోయేది," అని నా రెండు చేతులూ పట్టుకుంది. ఆ పిల్ల అన్నది నిజమే, చూశాను, చెప్పాను, పొర దక్కింది. కాకపోతే చూసిన వెంటనే నేను లేవలేదు. చేతిలో ఉన్న చాయ్ పూర్తిగా తాగి, అప్పుడు లేచాను.